రొదకూ ఒక వేళ ఉంటుంది

బ్రిటన్‌లోని వేల్స్ నడిమధ్య కొండల్లో అబర్‌హోసన్ అని ఒక చిన్న ఊరు ఉంది. ఆ ఊళ్లో ఏడాదిన్నర పాటు రోజూ ఉదయం ఏడు గంటలయ్యేసరికి ఇంటర్నెట్ పడిపోయేది. ఇంజనీర్లు వచ్చి పరీక్షిస్తే లైన్లన్నీ బాగానే ఉన్నట్టు కనిపించేవి. కేబుల్‌లో చాలా భాగం మార్చేసినా మర్నాడు మళ్లీ అదే తంతు. చివరికి టెలిఫోన్ లైన్లు చూసే ఓపెన్‌రీచ్ సంస్థ బయటి నుంచి ఒక ప్రత్యేక బృందాన్ని రప్పించింది. వాళ్లు తెల్లవారి ఆరింటికే జోరువానలో, చేతిలో స్పెక్ట్రం ఎనలైజర్ పట్టుకుని వీధుల వెంట నడిచారు. ఏడు కొట్టగానే పరికరం తెర మీద గీత ఒక్కసారిగా పైకి లేచింది. ఆ జాడ వాళ్లను ఒక ఇంటి ముందుకు తీసుకొచ్చింది. ఆ ఇంటివాళ్లు రోజూ సరిగ్గా ఏడింటికి ఒక పాత టీవీ పెడతారు. ఆన్ చేసిన క్షణాన అందులోంచి వెలువడే విద్యుత్ రొద ఊరి రాగి తీగల్లోకి ఎక్కి, ఇంటింటి బ్రాడ్‌బ్యాండ్‌నూ పడగొడుతోంది. సంగతి తెలిసి ఆ ఇంటివాళ్లు ఎంతో నొచ్చుకున్నారు, ఆ టీవీని మళ్లీ ముట్టుకోబోమని మాటిచ్చారు. 2020 సెప్టెంబరులో ఈ కథ ప్రపంచమంతా చదివింది.

చదివినవాళ్లందరికీ టీవీ గుర్తుండిపోయింది. రొదలు వెతికే వృత్తిలో ఉన్నవాళ్లు మాత్రం ముందు పట్టించుకునేది ఏడు గంటలన్న సంగతిని. రేడియో తరంగాలకు అడ్డొచ్చే రొదను కనిపెట్టడానికి ఖరీదైన పరికరాలు, బలమైన ఏరియళ్లు, వాహనాలు అన్నీ ఉన్నాయి. కానీ పేరుమోసిన కేసులు వరసగా చూస్తే, చిక్కుముడి విప్పిన మొదటి ఆధారం చాలాసార్లు గడియారమే. రొద ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఏ రోజుల్లో లేదు అని శ్రద్ధగా రాసిపెట్టుకున్నవాళ్లకే మూలం దొరికింది.

అసలు ఈ రొద ఎక్కడ పుడుతుంది? ఎక్కడ నిప్పురవ్వ లేస్తే అక్కడ రేడియో తరంగాలు పుడతాయి. 1880ల చివర్లో జర్మనీలో హైన్‌రిష్ హెర్ట్జ్ రేడియో తరంగాలున్నాయని రుజువు చేసింది స్పార్క్‌తోనే. తొలినాటి వైర్‌లెస్ సందేశాలు కూడా స్పార్క్ ట్రాన్స్‌మిటర్లతోనే సముద్రాలు దాటాయి. దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో ఇంటి ముందు నుంచి స్కూటర్ వెళ్తే టీవీ తెర నిండా చుక్కలు పడటం, వంటింట్లో మిక్సీ వేస్తే బొమ్మ చెదిరిపోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. స్కూటర్‌లో స్పార్క్ ప్లగ్, మిక్సీ మోటారులో కార్బన్ బ్రష్‌లు చేసే పని అది. స్పార్క్‌కు ఫలానా ఫ్రీక్వెన్సీ అంటూ ఉండదు. అందినంత మేరా పరుచుకుంటుంది.

ఇప్పటి ఇళ్లలో స్పార్క్‌లు తగ్గి, మరో రకం రొద పెరిగింది. ఫోన్ చార్జర్, ఎల్ఈడీ బల్బు, ల్యాప్‌టాప్ అడాప్టర్, ఇన్వర్టర్ లాంటివి కరెంటును సెకనుకు వేలసార్లు, లక్షలసార్లు ఆపి వదులుతూ పనిచేస్తాయి. ఉదాహరణకు ఒక చార్జర్ 60 కిలోహెర్ట్జ్ వేగంతో పనిచేస్తోందనుకుందాం. దాని రొద 120, 180, 240 అలా అరవైల లెక్కన పైదాకా మెట్లు మెట్లుగా లేస్తుంది. పద్నాలుగో మెట్టు 840 కిలోహెర్ట్జ్. ఆకాశవాణి విజయవాడ కేంద్రం మీడియం వేవ్‌లో వచ్చేది 837 దగ్గర. ఈ రెండింటి మధ్య తేడా మూడు కిలోహెర్ట్జ్ కాబట్టి వార్తల వెనకాల సన్నని కీచుమనే ఈల వినిపిస్తుంది. చార్జర్ వేడెక్కే కొద్దీ దాని వేగం కాస్త జరుగుతుంది, ఈల స్వరం కూడా జరుగుతుంది. మంచి చార్జర్లో ఈ రొద బయటికి పోకుండా లోపల కాయిళ్లు, కెపాసిటర్లతో ఒక ఫిల్టర్ పెడతారు. ధర తగ్గించాలనుకున్నవాళ్లు ముందు తీసేసేది ఆ ఫిల్టర్‌నే.

ఇక స్తంభాల మీద కరెంటు తీగలు. వదులైన బోల్టు, పగిలిన ఇన్సులేటర్, సరిగా బిగియని జాయింటు దగ్గర సన్నగా రవ్వలు లేస్తుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. ప్రతి ఆవృత్తిలోనూ ఓల్టేజి రెండుసార్లు శిఖరానికి చేరుతుంది కాబట్టి రవ్వలు సెకనుకు వందసార్లు గుంపులుగా లేస్తాయి. రేడియోలో వినపడే బర్ర్‌మనే మోత అదే. ఎండాకాలంలో గట్టిగా వినిపించి, వాన పడగానే తగ్గిపోతే తీగల మీద అనుమానపడాల్సిందే, ఎందుకంటే పొడిగా ఉన్నప్పుడు రవ్వలు లేచే సన్నని సందులు తడవగానే చాలావరకు మూసుకుపోతాయి. గంటలతో పాటు వాతావరణాన్ని కూడా రాసుకోవాలనడం అందుకే.

గడియారం చెప్పిన మాట విని ఏకంగా కొత్త శాస్త్రానికే తలుపు తెరిచినవాడు కార్ల్ జాన్‌స్కీ. 1930ల తొలినాళ్లలో అమెరికాలోని బెల్ టెలిఫోన్ లాబొరేటరీస్ అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా షార్ట్‌వేవ్ రేడియోలో టెలిఫోన్ మాటలు నడపడం మీద పరిశోధన చేస్తుండేది. ఆ మాటల మధ్య వచ్చే గరగరలు ఎక్కడివో కనిపెట్టమని ఈ కుర్ర ఇంజనీరుకు అప్పగించింది. న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో ఆయన సుమారు 30 మీటర్ల పొడవున్న ఏరియల్ కట్టి, దాన్ని ఫోర్డ్ మోడల్ టీ కారు చక్రాల మీద నిలబెట్టి గుండ్రంగా తిరిగేలా చేశాడు. ఒక చుట్టుకు ఇరవై నిమిషాలు. 20.5 మెగాహెర్ట్జ్ దగ్గర నెలల తరబడి విన్నాడు. దగ్గరి ఉరుముల గరగర ఒకటి, దూరపు ఉరుములది ఒకటి. ఈ రెండూ అర్థమయ్యాయి. మూడోది మాత్రం సన్నని బుస. ఎడతెగకుండా వస్తుంది, దిశ మారుతూ రోజుకొకసారి ఆకాశాన్ని చుట్టి వస్తుంది.

మొదట అది సూర్యుడిదనుకున్నాడు. కానీ వారాలు గడిచేకొద్దీ రొద బలంగా ఉండే వేళ సూర్యుడి నుంచి దూరంగా జరిగిపోయింది. లెక్క చూస్తే అది మళ్లీ అదే చోటికి రావడానికి పట్టేది 24 గంటలు కాదు, 23 గంటల 56 నిమిషాలు. నక్షత్రాలు రోజూ నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తాయని ఖగోళం తెలిసిన వాళ్లందరికీ తెలుసు. అంటే ఈ రొద భూమి మీదిది కాదు, సూర్యుడిదీ కాదు. ధనూరాశి దిక్కున, మన పాలపుంత నడిబొడ్డు నుంచి వస్తోంది. 1933లో ఆయన ఈ ఫలితాన్ని ప్రకటించాడు. రేడియో ఖగోళశాస్త్రం పుట్టింది అలా. ఆకాశం నుంచి వచ్చే రేడియో సంకేతాల తీవ్రతను కొలిచే ప్రమాణానికి ఇవాళ జాన్‌స్కీ పేరే ఉంది. ఆ నాలుగు నిమిషాల తేడాను పట్టించుకోకుండా వదిలేసి ఉంటే, సూర్యుడే కారణమని నివేదిక రాసి ఊరుకునేవాడు.

ఆ శాస్త్రానికే ఎనభై ఏళ్ల తర్వాత ఇంకో విచిత్రమైన సమస్య వచ్చిపడింది. ఆస్ట్రేలియాలో సిడ్నీకి పడమరగా పార్క్స్ అనే ఊరి దగ్గర 64 మీటర్ల వ్యాసం గల రేడియో టెలిస్కోప్ ఉంది. 1961 నుంచి పనిచేస్తోంది. 1969లో చంద్రుడి మీద మనిషి అడుగు పెట్టిన దృశ్యాలను ప్రపంచానికి అందించిన కేంద్రాల్లో అదొకటి. ఆ టెలిస్కోప్ 2001లో రికార్డు చేసిన పాత సమాచారాన్ని వెతుకుతుంటే, డంకన్ లోరిమర్ బృందానికి సెకనులో వందో వంతు కూడా లేని ఒక బలమైన రేడియో మెరుపు కనిపించింది. 2007లో దాన్ని ప్రకటించారు. అది మన పాలపుంతకు ఎంతో దూరం నుంచి వచ్చి ఉండాలి అన్నారు. అందుకు ఆధారం ఏమిటంటే, రేడియో తరంగాలు అంతరిక్షంలోని ఎలక్ట్రాన్ల మధ్య నుంచి వచ్చేటప్పుడు ఎక్కువ ఫ్రీక్వెన్సీవి ముందు, తక్కువ ఫ్రీక్వెన్సీవి వెనక చేరతాయి. ఆ ఎడం ఎంత ఎక్కువుంటే ప్రయాణం అంత సుదీర్ఘం. ఈ మెరుపులో ఎడం చాలా ఎక్కువ.

మూడు నాలుగేళ్లకు సారా బర్క్-స్పోలార్, ఆమె సహచరులు అదే టెలిస్కోప్ రికార్డుల్లో అలాంటివే మరో పదహారు బయటపెట్టారు. పైవి ముందు, కిందివి వెనక అన్న లక్షణం వాటిలోనూ ఉంది. కానీ ఒక తేడా. పార్క్స్ టెలిస్కోప్‌లోని అప్పటి రిసీవర్ ఆకాశంలో పదమూడు చోట్లను ఒకేసారి వినేది. దూరపు వస్తువైతే ఒకటి రెండు చోట్లే బలంగా వినిపించాలి. ఇవి పదమూడింటిలోనూ వినిపించాయి. అంటే మూలం దగ్గరలోనే ఉంది. వాటికి పెరిటాన్లని పేరు పెట్టారు. దాంతో అసలు మొదటి మెరుపు మీదే చాలామందికి అనుమానం పుట్టింది. అదీ ఇలాంటి భూమ్మీది రొదే అయితే, ఖగోళశాస్త్రంలో ఒక కొత్త అధ్యాయం మొదలవకుండానే ముగిసిపోతుంది.

పెరిటాన్ల వేళలు చూస్తే అనుమానం బలపడేలా ఉన్నాయి. ఎక్కువగా పగటిపూటే, అదీ ఆఫీసు రోజుల్లోనే, భోజనాల వేళకు అటూ ఇటూగా. ఆకాశంలో నుంచి వచ్చేదానికి ఆదివారం సెలవు ఉండదు కదా. 2014 డిసెంబరులో పార్క్స్ ఆవరణలోనే చుట్టూ ఉన్న రేడియో రొదను నిరంతరం గమనించే కొత్త పరికరం పెట్టారు. నెల తిరిగేసరికి, 2015 జనవరిలో ఒకే వారంలో మూడు పెరిటాన్లు చిక్కాయి. టెలిస్కోప్ వినేది 1.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల. కొత్త పరికరం ఆ మూడు క్షణాల్లోనూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా ఒక రొద చూసింది. ఉత్తరాన వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మరో టెలిస్కోప్ సముదాయంలో మాత్రం దాని జాడ లేదు. కాబట్టి మూలం ఆవరణలోనే ఉందని తేలిపోయింది.

2.4 గిగాహెర్ట్జ్ అనగానే వంటింటి వైపు చూడాలి. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది అక్కడే. ఎమిలీ పెట్రాఫ్ నాయకత్వంలోని బృందం ఆవరణలో ఉన్న ఓవెన్లలో నీళ్లు పెట్టి వేడి చేసి చూసింది. మొదటి ప్రయత్నంలో ఏమీ రాలేదు. ఓవెన్ తలుపు మూసి ఉన్నంతసేపూ రొద లోపలే ఉంటుంది, టైమర్ అయిపోయి ఆగితే కూడా ఏమీ బయటికి రాదు. ఆ తర్వాత ఒక ఆలోచన వచ్చింది. ఆకలి మీద ఉన్న మనిషి టైమర్ ఆగేదాకా ఎదురుచూస్తాడా? తలుపు లాగేస్తాడు. 2015 మార్చి 17న అలాగే చేశారు. ఓవెన్ నడుస్తుండగానే తలుపు లాగారు. పెరిటాన్ వచ్చింది. తలుపు తెరవగానే లోపలి మాగ్నెట్రాన్ ఆగిపోతుంది కానీ, ఆగే ఆ కొద్దిపాటి వ్యవధిలో దాని స్వరం కిందికి జారుతుంది. అది 1.4 గిగాహెర్ట్జ్‌ను తాకుతూ పోయేటప్పుడు, తెరిచిన తలుపులోంచి బయటపడి అంతరిక్షపు సంకేతాన్ని అచ్చు గుద్దినట్టు అనుకరిస్తుంది. టెలిస్కోప్ సరైన వైపు తిరిగి ఉండాలి, మధ్యలో గోడలు అడ్డు రాకూడదు. అందుకే ఏళ్ల తరబడి ఎప్పుడో ఒకప్పుడు మాత్రమే దొరికేది.

ఈ పరిశోధనలో నిజంగా గొప్ప విషయం వంటింటి ఓవెన్ దొరకడం ఒక్కటే అనుకుంటే పొరపాటు. పెరిటాన్ ఏమిటో తేలాకే, ఏది పెరిటాన్ కాదో గట్టిగా చెప్పడానికి వీలైంది. లోరిమర్ బృందం పట్టుకున్న మెరుపు మైక్రోవేవ్ ఓవెన్ పని కాదని పెట్రాఫ్ బృందం తమ పరిశోధన పత్రంలోనే వాదించింది. ఫాస్ట్ రేడియో బర్స్ట్‌లని పేరున్న ఆ మెరుపులు తర్వాత వందల సంఖ్యలో దొరికాయి. అవి ఇతర గెలాక్సీల నుంచి వస్తున్నాయని ఇవాళ రుజువైంది. రొదను నిజాయితీగా వెతికి పక్కన పెట్టినందువల్లే అసలు సంకేతం నిలబడింది.

సింగపూర్ మెట్రో కథ చాలావరకు కాగితం మీదే తేలింది. 2016 ఆగస్టు చివరి నుంచి అక్కడి సర్కిల్ లైన్‌లో రైళ్లు ఉన్నట్టుండి ఆగిపోసాగాయి. డ్రైవర్ లేని రైళ్లు అవి. రేడియో సిగ్నల్ తెగిపోతే భద్రత కోసం వాటంతటవే ఎమర్జెన్సీ బ్రేకు వేసుకుంటాయి. సిగ్నల్‌కు ఏదో అడ్డు తగులుతోందని అధికారులకు అర్థమైంది, కానీ మూలం చిక్కలేదు. ఈ రైలు, ఆ రైలు అని లేకుండా, ఈ స్టేషన్, ఆ స్టేషన్ అని లేకుండా జరుగుతోంది. నవంబరు తొలి వారంలో ప్రభుత్వ డేటా విభాగంలోని ముగ్గురు నిపుణుల చేతికి లెక్కలు వచ్చాయి. ఏ రోజు, ఏ నిమిషంలో, ఏ రైలు, ఎక్కడ, ఎటు పోతుండగా ఆగిందన్న పట్టిక అది.

వాళ్లు ఒక పక్క కాలాన్ని, మరో పక్క స్టేషన్లను పెట్టి ప్రతి సంఘటననూ ఒక చుక్కగా గీశారు. చుక్కలు చెల్లాచెదురుగా లేవు, వాలుగీతల్లా వరసకట్టాయి. అంటే అడ్డు తగిలేది ఒక చోట నిలబడి లేదు, రైలు వేగంతో కదులుతోంది. మరికొంచెం నిశితంగా చూస్తే, ఆగిపోయిన రైళ్లు ఒక దిక్కుకు పోతుంటే ఆ రొద ఎదురు దిక్కులో పోతోంది. పక్క పట్టా మీద ఎదురొచ్చే రైలే దోషి అన్నమాట. తాను పోతూ, ఎదురుపడిన రైళ్ల సిగ్నల్ తెంపుతోంది. తాను మాత్రం హాయిగా నడుస్తోంది కాబట్టి ఆగిన రైళ్ల పట్టికలో ఎంత వెతికినా దోషి కనపడదు. ఆ నిమిషాల్లో స్టేషన్లలోంచి పోయిన రైళ్ల వీడియో రికార్డులు తిరగేస్తే పీవీ46 అనే రైలు బయటపడింది. ఆ రైలును నడిపించి చూశారు, అనుమానం నిజమైంది. దాని సిగ్నల్ పరికరాల్లో లోపం ఉంది. ఆగస్టు నుంచి నవంబరు దాకా జరిగిన సంఘటనల్లో 95 శాతానికి పైగా ఆ ఒక్క రైలుతో వివరించగలమని వాళ్లు తేల్చారు. వాళ్ల చేతిలో ఏరియల్ లేదు, ఎనలైజర్ లేదు. ప్రతి అంతరాయాన్నీ నిమిషంతో సహా రాసిపెట్టిన సిబ్బంది ఓపికే ఈ కేసును గెలిపించింది.

అన్ని రొదలూ ఇలా గడియారానికి లొంగవు. రాత్రింబవళ్లు ఒకే తీరుగా ఉండేవాటి కోసం నడవాల్సిందే. 2001లో కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్ రేవులో పడవలన్నింటికీ జీపీఎస్ పనిచేయడం మానేసింది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. అక్కడి నుంచి నేలకు చేరే సంకేతం ఎంత బలహీనమంటే, వాటులో లక్ష కోట్ల వంతు కన్నా ఎన్నో రెట్లు తక్కువ. దాన్ని ముంచెయ్యడానికి చిటికెడు రొద చాలు. వెతగ్గా వెతగ్గా తేలిందేమంటే, ఒక పడవ మీద బిగించిన టీవీ ఏరియల్. దానిలోని చిన్న యాంప్లిఫయర్ చెడిపోయి, తానే ఒక ట్రాన్స్‌మిటర్‌గా మారింది. దాన్ని ఆపినా రొద పూర్తిగా పోలేదు. అలాంటి ఏరియళ్లు మొత్తం మూడు దొరికాయి. ఒకటి దొరకగానే పని అయిపోయిందని సంబరపడితే మిగతా రెండూ అలాగే ఉండేవి.

ఇలా నడిచి వెతకడంలో ఉండే కిటుకు మన ఇళ్లలోని పాత ట్రాన్సిస్టర్‌తోనే అర్థమవుతుంది. రేడియోను అటూ ఇటూ తిప్పితే స్టేషన్ ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా వినిపించడం అందరూ గమనించినదే. లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీ, దాని మీద చుట్టిన రాగి తీగ ఉంటాయి. మీడియం వేవ్‌కు అదే ఏరియల్. కడ్డీ పక్కభాగం మూలం వైపు ఉంటే చప్పుడు గట్టిగా, కడ్డీ కొన మూలం వైపు ఉంటే బాగా తక్కువగా వినిపిస్తుంది. వెతికేవాళ్లు గట్టిగా వినిపించే వైపు నమ్ముకోరు, ఎందుకంటే అది చాలా మేర వెడల్పుగా ఉంటుంది. చప్పుడు ఒక్కసారిగా పడిపోయే ఇరుకు దిశను పట్టుకుంటారు. కడ్డీ సాధారణంగా రేడియో పొడవునే ఉంటుంది కాబట్టి, ఆ క్షణంలో రేడియో ఏ గీత వెంట ఉందో మూలం ఆ గీత మీద, ముందో వెనకో ఉన్నట్టు. కొంత దూరం జరిగి ఇంకో చోట ఇంకో గీత తీస్తే, రెండు గీతలు కలిసే చోట మూలం ఉంటుంది. హామ్ రేడియో ఔత్సాహికులు దీన్నే ఆటగా ఆడతారు. ఎక్కడో దాచిన చిన్న ట్రాన్స్‌మిటర్‌ను అందరికన్నా ముందు కనిపెట్టడమే పందెం. ఫాక్స్ హంట్ అంటారు. వీహెచ్ఎఫ్ వాకీటాకీతో వెతికేవాళ్లు సెట్టును ఛాతీకి ఆనించుకుని నిలబడ్డ చోటే మెల్లగా తిరుగుతారు. సంకేతం ఎటు తిరిగినప్పుడు బాగా తగ్గితే, మూలం వీపు వెనక ఉన్నట్టు. ఒళ్లే అడ్డుగోడ.

అసలు తిప్పలు మూలానికి దగ్గర పడ్డాక మొదలవుతాయి. రొద ఎంత బలంగా ఉంటుందంటే ఏ వైపు తిప్పినా ఒకేలా వినిపిస్తుంది. అప్పుడు ఏరియల్ తీసేసో, సంకేతాన్ని తగ్గించే అటెన్యుయేటర్ పెట్టో వినాలి. లేదా ఇంకా ఎక్కువ ఫ్రీక్వెన్సీకి మారాలి. రవ్వల రొద పై ఫ్రీక్వెన్సీల్లో దూరం పోలేదు కాబట్టి, అక్కడ వినిపించిందంటే మూలం పక్కనే ఉన్నట్టు. ఇంకో మోసం కూడా ఉంది. రొద తీగల వెంట పాకిపోయి, మూలానికి చాలా దూరాన ఉన్న స్తంభం దగ్గర ఎక్కువ బలంగా వినిపించవచ్చు. తొలిసారి వెతికేవాళ్లు ఏ పాపమూ ఎరగని స్తంభం చుట్టూ తిరుగుతుంటారు.

కొన్ని రొదలు యంత్రాల లోపాలు కావు, మనుషులు కావాలని తెచ్చిపెట్టినవి. ఫ్రాన్సు నైరుతి తీరంలోని మెసాంజ్ అనే ఊళ్లో రోజూ అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున మూడింటి దాకా ఫోన్లు, ఇంటర్నెట్ పనిచేయడం లేదని ఒక మొబైల్ కంపెనీ అక్కడి స్పెక్ట్రం నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేసింది. మళ్లీ గడియారమే. అర్ధరాత్రి మొదలై మూడింటికి ఆగేది చెడిపోయిన యంత్రం అయి ఉండదు, ఎవరో సమయం పెట్టి నడుపుతున్నారు. సాంకేతిక నిపుణుడు రాత్రివేళ వాహనంలో తిరిగి పక్క ఊళ్లోని ఒక ఇంటికి చేరాడు. పిల్లలు రాత్రంతా ఫోన్లు చూస్తున్నారని తండ్రి ఇంటర్నెట్‌లో సిగ్నళ్లను అడ్డుకునే జామర్ ఒకటి కొని పెట్టాడు. తన ఇంటి వరకే పనిచేస్తుందనుకున్నాడు, అది రెండు ఊళ్ల నోరు మూయించింది. ఫ్రాన్సు చట్టంలో దీనికి ఆరు నెలల జైలు, 30 వేల యూరోల జరిమానా దాకా ఉంది. 2022లో ఆ సంస్థే ఈ కేసు వివరాలు చెప్పింది.

అమెరికాలోని న్యూయార్క్ శివార్లలో నెవార్క్ విమానాశ్రయం ఉంది. విమానాలు దిగడానికి సాయపడే జీపీఎస్ వ్యవస్థ అక్కడ మధ్యమధ్యలో తడబడేది. విమానాశ్రయం పక్కనే పెద్ద రహదారి. కంపెనీ తమ బండి ఎక్కడుందో కనిపెట్టకుండా ఉండాలని కొందరు డ్రైవర్లు సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టుకునే జీపీఎస్ జామర్లు వాడేవాళ్లు. బండి పక్క నుంచి పోయినంతసేపూ విమానాశ్రయం కళ్లు మసకబారేవి. 2012 ఆగస్టులో అలాంటి ఒక వాహనాన్ని ఎట్టకేలకు పట్టుకున్నారు. డ్రైవరుకు 31,875 డాలర్ల జరిమానా వేయాలని కేంద్ర కమ్యూనికేషన్ల కమిషన్ మరుసటి ఏడాది నిర్ణయించింది.

ఈ సంగతులు మనకు దూరమైనవి కావు. పుణెకు ఉత్తరాన ఖోడద్ దగ్గర 45 మీటర్ల వ్యాసం గల 30 డిష్‌లతో జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్ ఉంది. గోవింద్ స్వరూప్ ఆ చోటును ఎంచుకున్నది అక్కడ రేడియో రొద తక్కువని. తర్వాత చుట్టుపక్కల కరెంటు లైన్లు, మొబైల్ టవర్లు పెరిగాయి. రొదను ఏరివేసే పని ఇప్పుడు అక్కడి శాస్త్రవేత్తల నిత్యకృత్యం. తిరుపతి దగ్గర గాదంకిలో 1,024 ఏరియళ్లతో 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే వాతావరణ రాడార్ ఉంది. మబ్బు లేని గాలి నుంచి తిరిగొచ్చే అతి సన్నని ప్రతిధ్వనిని అది వింటుంది. ఇలాంటి చోట్ల చుట్టుపక్కల ఒక చెడ్డ మోటారు, ఒక లీకయ్యే తీగ కూడా లెక్కలోకి వస్తాయి.

నగరాల్లో మాత్రం ఇప్పుడు పెద్ద బెడద సిగ్నల్ బూస్టర్. ఇంట్లో ఫోన్ సరిగా అందడం లేదని అపార్టుమెంటు మీద ఏరియల్, లోపల యాంప్లిఫయర్ పెట్టించుకుంటారు. ఆ ఇంటికి అయిదు గీతలు వస్తాయి. కానీ ఆ బూస్టర్ టవర్ వైపు కూడా తన రొదను నిరంతరం పంపుతూనే ఉంటుంది. టవర్ వినాల్సింది వీధి చివర నుంచి వచ్చే బలహీనమైన ఫోన్ సంకేతం. అది ఈ రొదలో మునిగిపోతుంది. బూస్టర్ రెండు ఏరియళ్లూ దగ్గరగా ఉంటే సభలో మైకూ స్పీకరూ ఎదురెదురుగా పెట్టినప్పుడు కుయ్యిమన్నట్టు, అది తనలో తానే అరవడం మొదలుపెడుతుంది. అప్పుడు వీధి మొత్తానికి కాల్స్ తెగిపోతాయి. లైసెన్సు ఉన్న టెలికాం కంపెనీలు తప్ప మరెవరూ బూస్టర్ పెట్టడానికి మన దేశంలో అనుమతి లేదు. ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప జామర్ వాడకమూ నేరమే. ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కదా అని కొంటే చట్టం ఒప్పుకోదు. ఇలాంటివాటిని వెతికి పట్టుకునే బాధ్యత కేంద్ర టెలికాం శాఖ కింద ఉన్న వైర్‌లెస్ మానిటరింగ్ విభాగానిది.

ఇంట్లోనే రేడియోకో, టీవీకో, ఇంటర్నెట్‌కో అంతుపట్టని డిస్టర్బెన్స్ వస్తుంటే ముందు ఒక పుస్తకంలో వేళలు రాయడం మొదలుపెట్టండి. వారం రోజుల లెక్క చాలాసార్లు సగం సమాధానం చెప్పేస్తుంది. తర్వాత బ్యాటరీతో నడిచే చిన్న మీడియం వేవ్ రేడియోను స్టేషన్ లేని చోట పెట్టి, మెయిన్ స్విచ్ ఆపండి. ఇన్వర్టర్ కూడా ఆపడం మరిచిపోవద్దు, చాలామంది ఇక్కడే తప్పుతారు. రొద ఆగిపోతే మూలం మీ ఇంట్లోనే ఉంది. ఎంసీబీలను ఒక్కొక్కటిగా వేస్తూ పోతే ఏ గదిదో, ఆపైన ఏ ప్లగ్గుదో తేలుతుంది. రొద ఆగకపోతే రేడియో పట్టుకుని బయటికి నడవండి. పొరుగింటికి దారి తీస్తే తప్పు పట్టేలా మాట్లాడకండి. అబర్‌హోసన్‌లో టీవీ పెట్టుకున్న ఇంటివాళ్లకు తమ వల్ల ఊరికి ఇబ్బంది అవుతోందని ఏడాదిన్నర పాటు తెలియనే తెలియదు. జాడ కరెంటు స్తంభం దగ్గర ఆగితే దాన్ని తట్టడం, ఊపడం, స్టే వైరు లాగడం చెయ్యొద్దు. స్తంభం నంబరు, రొద వచ్చే వేళలు, వాన పడితే తగ్గుతోందో లేదో రాసి లైన్‌మన్‌కు ఇవ్వండి. రవ్వలు లేచే జాయింటు రేడియోకు రొద మాత్రమే, తీగకు మాత్రం తెగిపోయే ముందు వచ్చే హెచ్చరిక.